వేలితో చూపితే తెరుచుకునే కల

తెర మీద ఒక గది. గోడకు గడియారం, మూలన పెట్టె, కిటికీ అవతల ఎక్కడా చూడని ఆకాశం. మౌస్‌తో గడియారం మీద నొక్కితే ముల్లు వెనక్కి తిరుగుతుంది, పెట్టె మూత లేస్తుంది, అందులో ఒక తాళంచెవి దొరుకుతుంది. తుపాకులూ పరుగుపందేలూ లేకుండా, చూడటం, ఆలోచించడం, తాకడం మీదే నడిచే ఇలాంటి వాటిని ‘పాయింట్ అండ్ క్లిక్’ సాహస ఆటలంటారు. వీటిలో కలల లోకంలో సాగేవాటి అందమే వేరు. మన అనకాపల్లి జిల్లా మాకవరపాలెంలో సెల్‌ఫోన్ పట్టుకున్న పిల్లలకు ఇవి పెద్దగా పరిచయం లేకపోవచ్చు. కానీ ఇలాంటి ఆట తయారుచేయడానికి కావలసిన కథలూ రంగులూ కర్రా అన్నీ మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఎలాగో ఈ విశేషాలు చెబుతాయి.

బొమ్మలు గీసి కల విప్పిన చిత్రలేఖ

భాగవతం దశమ స్కంధంలో బాణాసురుడి కూతురు ఉషకు కలలో ఒక యువకుడు కనిపిస్తాడు. మెలకువ వచ్చాక చూస్తే అతడి పేరు తెలియదు, ఊరు తెలియదు. మంత్రి కూతురైన నెచ్చెలి చిత్రలేఖ కుంచె పట్టి దేవతల్ని, గంధర్వుల్ని, రాజకుమారుల్ని వరసగా గీసి చూపిస్తుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గరకు వచ్చేసరికి ఉష సిగ్గుతో తల వంచుకుని ఇతడేనంటుంది. చిత్రలేఖ యోగశక్తితో ద్వారకకు వెళ్ళి, నిద్రపోతున్న అనిరుద్ధుణ్ణి తీసుకొచ్చేస్తుంది. కలలో పడిన చిక్కు, మెలకువలో వెతుకులాట, బొమ్మల్లోంచి ఒకటి ఎంచుకోగానే ముందుకు కదిలే కథ. నేటి కలల ఆటలకు ఉండే అల్లిక అంతా ఇందులో ఉంది.

వింత చూపిస్తేనే కథ

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ 12 భాగాల మహాగ్రంథం. కాశీకి కాలినడకన వెళ్తున్న మణిసిద్ధుడు పశువులు కాచుకునే ఒక కుర్రాణ్ణి తోడు రమ్మంటాడు. కుర్రాడు ఒక షరతు పెడతాడు. దారిలో ప్రతి మజిలీలో తాను ఏ వింత చూసి అడిగినా దాని కథ చెప్పాలి. సరేనన్న సిద్ధుడు తన దగ్గరున్న మణిలోకి చూసి ఆ వింత వెనకున్న కథంతా చెబుతాడు. కుర్రాడు కళ్ళు తెరిచి ఊరంతా తిరిగితే తప్ప కథ కదలదు. చూసేవాడి కుతూహలమే కథను నడిపే ఈ పద్ధతి కంప్యూటర్ రాకముందే మన పుస్తకాల్లో ఉంది.

జరగబోయే కథను ముందే చెప్పిన కావ్యం

16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. తమాషా ఏమిటంటే ఆ కథలోని మనుషులు అప్పటికింకా పుట్టనే లేదు. చెప్పిన కథ తర్వాత లోకంలో నిజమవుతుంది. ముక్కలు ముక్కలుగా దొరికే సంగతుల్ని పాఠకుడే కలుపుకుంటూ పోవాలి. చిక్కుముడి విప్పడంలోని ఆనందాన్ని సూరన అప్పుడే తెలుగువాళ్ళకు రుచి చూపించాడు.

మొదటి మౌస్ చెక్కది

మనం నొక్కే మౌస్ తొలి నమూనా 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో తయారైంది. ఊహ డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది, పనితనం బిల్ ఇంగ్లిష్‌ది. చేతిలో ఇమిడే చెక్క డొల్ల, అడుగున రెండు చక్రాలు, పైన ఒకే ఒక బటన్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని జనం ముందు ప్రదర్శించారు.

గుహ పటం నుంచి పుట్టిన ఆట

సాహస ఆటల వంశానికి మూలపురుషుడు విల్ క్రౌథర్. వృత్తి ప్రోగ్రామింగ్, సరదా గుహల్లోకి దిగడం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తాను తిరిగిన దారులు మనసులో పెట్టుకుని, తన కూతుళ్ళ కోసం 1976 ప్రాంతంలో ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ రాశాడు. అందులో ఒక్క బొమ్మ కూడా లేదు. ‘ఉత్తరానికి వెళ్ళు’, ‘దీపం తీసుకో’ లాంటి మాటలు టైపు చేస్తూ చీకట్లో దారి వెతుక్కోవాలి. బొర్రా గుహల్లోకి దిగి చూసినవాళ్ళకు ఆ ఆటలోని భయం, సంబరం రెండూ వెంటనే అర్థమవుతాయి.

గీతలు, ఆ తర్వాత క్లిక్కులు

1980లో రోబెర్టా విలియమ్స్, ఆమె భర్త కెన్ కలిసి ఆపిల్ కంప్యూటర్ మీద ‘మిస్టరీ హౌస్’ చేశారు. సాహస ఆటలోకి బొమ్మలు వచ్చింది దీనితోనే. అవి వట్టి తెల్లగీతలే. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ ‘మేనియాక్ మాన్షన్’ తెచ్చారు. తెర కింద ‘తెరువు’, ‘తీసుకో’, ‘ఇవ్వు’ వంటి క్రియల పట్టిక ఉంటుంది. క్రియను నొక్కి, తర్వాత వస్తువును నొక్కితే చాలు, టైపు చేసే బాధ తప్పింది. దానికోసం అల్లుకున్న స్కమ్ అనే సాఫ్ట్‌వేర్ మీదే తర్వాత పదేళ్ళపాటు ఎన్నో పేరున్న ఆటలు నడిచాయి.

అన్నదమ్ములు కట్టిన దీవి

1993లో రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు ‘మిస్ట్’ విడుదల చేశారు. ఆటగాడు నిర్మానుష్యమైన దీవిలో కళ్ళు తెరుస్తాడు. ఎవరూ ఏమీ చెప్పరు. పుస్తకం తెరిచి అందులోని బొమ్మ మీద చెయ్యి వేస్తే ఇంకో లోకంలో తేలతాడు. ఆటలో కనిపించే పాత్రల్ని అన్నదమ్ములే వేశారు. పేలుళ్ళు, శత్రువులు లేని ఈ ఆట 2002 దాకా కంప్యూటర్ ఆటల అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది.

ప్రతి వారం మంచం మీద నుంచి పడిపోయే బాబు

కలల సాహసాలకు పత్రికల్లో పెద్దపీట వేసినవాడు విన్సర్ మెకే. 1905 అక్టోబర్ 15న ‘న్యూయార్క్ హెరాల్డ్’లో ‘లిటిల్ నీమో ఇన్ స్లంబర్‌లాండ్’ బొమ్మల కథ మొదలుపెట్టాడు. నీమో అనే పిల్లాడు రోజూ రాత్రి నిద్రలో ఒక రాజ్యానికి బయల్దేరతాడు. మంచానికి కాళ్ళు మొలుస్తాయి, ఇళ్ళు నడుస్తాయి. చివరి గడిలో పిల్లాడు తప్పనిసరిగా మేలుకుంటాడు, చాలాసార్లు మంచం మీద నుంచి కిందపడి. కలలోకి పోవడం, చిక్కుపడటం, లేవడం అనే ఈ వరస తర్వాతి కాలపు ఆటలకు బాగా పనికొచ్చింది.

మట్టి, అట్టలతో కట్టిన కలలు

కలల లోకపు ఆట అనగానే ముందు చెప్పుకోవలసింది స్వీడన్‌కు చెందిన ఆండర్స్ గుస్తాఫ్‌సన్, ఎరిక్ జారింగ్ చేసిన ‘ద డ్రీమ్ మెషిన్’. విక్టర్, గర్భవతి అయిన అతని భార్య అలీసియా కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగుతారు. ఆ భవనంలో దాగిన ఒక యంత్రం సంగతి విక్టర్‌కు తెలుస్తుంది. ఇరుగుపొరుగువారి కలల్లోకి ఒక్కొక్కటిగా దిగి చిక్కులు విప్పాలి. ఆటలో కనిపించే గోడలు, కుర్చీలు, మనుషులు అన్నీ మట్టితో, అట్టముక్కలతో చేతితో చేసి ఫొటోలు తీసినవే. అందుకే 6 అధ్యాయాలు పూర్తికావడానికి 2010 నుంచి 2017 దాకా పట్టింది. ఆ మట్టి మొహాల మీద చేసినవాళ్ళ వేలిముద్రలు కూడా కనిపిస్తాయి.

మూడు టన్నుల మట్టి

1996లో డగ్ టెన్నాపెల్ బృందం చేసిన ‘ద నెవర్‌హుడ్’ కూడా మట్టి లోకమే. కొండలు, ఇళ్ళు, కథానాయకుడు అన్నీ మట్టి. దానికి 3 టన్నులకు పైగా మట్టి వాడారు.

డిగ్రీ కోసం చేసిన ఆట

చెక్ దేశపు యాకుబ్ ద్వోర్స్కీ ప్రాగ్‌లో కళాశాల విద్యార్థిగా 2003లో తన చదువు ముగింపు పనిగా ‘సమొరోస్ట్’ చేశాడు. తెల్లబట్టల చిన్ని మనిషి ఒకడు ఒక చిన్న గ్రహం మీద కాపురముంటాడు. అది ఇంకో గ్రహాన్ని గుద్దుకోబోతుంటే ఆపాలి. ఆ గ్రహాలన్నీ నాచు, చెట్టువేళ్ళు, బెరడు ఫొటోలు కలిపి అతికినవే. మన జీడితోటల్లో వానాకాలం చెట్టు మొదలు దగ్గర కూర్చుని చూస్తే ఇలాంటి గ్రహాలు ఎన్నో కనిపిస్తాయి. కెమెరా ఉన్న ఫోన్ చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

భాష రాకపోయినా ఆడుకోవచ్చు

అదే ద్వోర్స్కీ బృందం 2009లో చేసిన ‘మషినేరియం’లో పాత్రలు మాట్లాడవు. ఏం చెప్పాలన్నా తల మీద బుడగలో కదిలే బొమ్మ కనిపిస్తుంది. కాబట్టి ఇంగ్లిష్ రాని పిల్లలు, చదువు రాని పెద్దలు కూడా కలిసి కూర్చుని ఆడొచ్చు. ముందుకు దారి దొరక్కపోతే సాయం చేసే పుస్తకం ఒకటి ఉంటుంది. అది తెరుచుకోవాలంటే ముందు ఇంకో చిన్న ఆట గెలవాలి. ఊరికే జవాబు చెప్పేస్తే బుర్రకు పనేముంటుందని వాళ్ళ ఆలోచన.

కలల డైరీలే ఆటలయ్యాయి

జపాన్‌లో 1998లో ఒసాము సాతో ప్లేస్టేషన్ కోసం ‘ఎల్ఎస్‌డీ’ అనే కలల ఆట చేశాడు. దానికి ఆధారం హిరోకో నిషికావా అనే ఉద్యోగిని ఏళ్ళ తరబడి రాసుకున్న కలల డైరీ. అందులో గోడనో మనిషినో తగిలితే చాలు, ఇంకో చోట తేలతాం. 2004లో కికియామా అనే మారుపేరుతో ఒకరు ‘యుమె నిక్కీ’ని ఉచితంగా పంచారు. గది దాటి బయటకు రాని ఒక అమ్మాయి నిద్రపోయి కలల్లో తిరుగుతుంది. కల వద్దనుకుంటే బుగ్గ గిల్లుకుని లేస్తుంది. మనం కూడా కలా నిజమా తేల్చుకోవడానికి గిల్లుకునే చూస్తాం కదా! ఈ రెండూ నడుచుకుంటూ ఆడేవే అయినా, కలను ఉన్నదున్నట్టు తెర మీద పెట్టడంలో పెద్దదారి వేశాయి.

నిద్రలో కళ్ళు కదిలితే

నిద్రలో కొన్ని వేళల కనుగుడ్లు చకచకా కదులుతాయని యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ 1953లో చికాగో నుంచి ప్రకటించారు. అసెరిన్‌స్కీ పరీక్షలు చేసినవారిలో అతని కొడుకు కూడా ఉన్నాడు. కథలా సాగే కలలు ఎక్కువగా ఆ సమయంలోనే వస్తాయి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఇది కల అని కలలోనే గుర్తించగల ఒక వ్యక్తి, ముందే అనుకున్న ప్రకారం కళ్ళు అటూ ఇటూ తిప్పి నిద్రలోంచే సైగ చేశాడు.

ఆడిన ఆట కలలోకి వస్తుందా?

వస్తుంది. 2000లో హార్వర్డ్‌కు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ కొందరి చేత టెట్రిస్ ఆడించి, కునుకు పట్టే వేళకు వారికి ఏం కనిపిస్తోందో అడిగాడు. పైనుంచి జారే ముక్కలు కళ్ళ ముందు ఆడాయని చాలామంది చెప్పారు. అంతకంటే ఆశ్చర్యం, కొత్త సంగతులు గుర్తుండని మతిమరుపు రోగులు అయిదుగురిలో ముగ్గురు కూడా అదే చెప్పారు. ఆట ఆడినట్టు వారికి గుర్తే లేదు, ముక్కలు మాత్రం కనిపించాయి. పిల్లలు పడుకోబోయే ముందు ఏం ఆడుతున్నారో పెద్దలు ఎందుకు పట్టించుకోవాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

కలకు కూడా కట్టుబాటు కావాలి

కల కదా, ఏదైనా జరగొచ్చు అనుకుంటే ఆట చెడుతుంది. 1999లో వచ్చిన ‘గాబ్రియెల్ నైట్’ మూడో ఆటలో కథానాయకుడు పిల్లి వెంట్రుకలు సేకరించి, మేపుల్ పాకంతో అంటించుకుని, మీసంలేని మనిషిలా నటించడానికి మీసం పెట్టుకోవాలి. ఇలాంటి చిక్కుముడి ఎవరికీ సొంతంగా తట్టదు. రాన్ గిల్బర్ట్ 1989లోనే ఒక వ్యాసంలో దీనికి మందు చెప్పాడు. ముందు తాళం కనిపించాలి, తాళంచెవి తర్వాత దొరకాలి. ఎందుకో తెలియకుండా వస్తువులు పోగుచేయించకూడదు. నీళ్ళు పైకి పారే కలైనా ఫరవాలేదు, అక్కడ నీళ్ళు ఎప్పుడూ పైకే పారాలి.

రామానుజన్ కలల స్ఫూర్తితో

నామక్కల్ నామగిరి అమ్మవారు కలలో తనకు సూత్రాలు చూపిస్తుందని గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ చెప్పేవారు. ఆ కలల స్ఫూర్తితో మన దేశంలోనే అవినాష్ కుమార్ బృందం ‘అంతరిక్ష సంచార్’ అనే పాయింట్ అండ్ క్లిక్ ఆటకు రూపం ఇచ్చింది. దక్షిణాది గుళ్ళు, భరతనాట్యం అందులో భాగం. పక్క రాష్ట్రపు కలకు ఆట రూపం వచ్చిందంటే తెలుగు కలకు రాదా?

పేరు లేకుండా రాసిన సాహసాలు

1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన ‘చందమామ’లో నెలనెలా వచ్చిన ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ సీరియళ్ళు రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు ఉండేది కాదు. రాక్షసులు, శిథిలాలయాలు, సొరంగాలు, నెలాఖరుకు ఆగిపోయే ఉత్కంఠ. వాటికి ‘చిత్రా’ వేసిన బొమ్మల్ని పిల్లలు గంటలకొద్దీ చూసేవారు. బేతాళ కథల్లో అయితే ప్రతి కథ చివరా ఒక ప్రశ్న. విక్రమార్కుడు జవాబు చెప్పగానే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. ఒక చిక్కు విప్పితే ఇంకో చిక్కు తయారు!

సంచిలో పెట్టుకోదగ్గ వస్తువులు

సాహస ఆటలో దొరికిన వస్తువుల్ని దాచుకునే సంచి ఒకటి ఉంటుంది. మన సినిమాల నుంచి ఆ సంచి నింపవచ్చు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో అడిగిందల్లా ఇచ్చే ప్రతిమ. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎవరికి ఇష్టమైనది వారికి చూపించే ప్రియదర్శిని పేటిక. ఒక్కొక్కరు మూత తెరిస్తే ఒక్కో బొమ్మ కనిపిస్తుంది. ఒకే వస్తువు మనిషిని బట్టి జవాబు మార్చడం చాలా లోతైన చిక్కుముడి అవుతుంది.

కశింకోట రంగులు

1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య, అదే మన ‘వపా’, మన అనకాపల్లి జిల్లాలోని కశింకోటలో నివసించారు. ‘చందమామ’, ‘యువ’ ముఖచిత్రాల్లో ఆయన వేసిన నీలాలు, పసుపులు, గంధర్వ కన్యలు ఎన్నో ఇళ్ళ గోడలకెక్కాయి. తెలుగువాడి కల ఏ రంగులో ఉంటుందో తెలియాలంటే ఆ ముఖచిత్రాలు తిరగేస్తే సరిపోతుంది.

పూటలో పోయిరాగల బొమ్మల ఊరు

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. పని దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది దాని అందం. మెత్తటి అంకుడు కర్రను తిరిగే తరిణికి బిగించి ఉలితో చెక్కుతారు. నునుపు తేలాక రంగు లక్క కణికను తిరుగుతున్న కర్రకు అదిమిపెడతారు. రాపిడి వేడికే లక్క కరిగి చుట్టూ పట్టుకుంటుంది. చివర్న మొగలి ఆకుతో రుద్దగానే తళతళమని మెరుస్తుంది. స్వీడన్‌వాళ్ళు అట్టముక్కలతో కలల భవనం కట్టినప్పుడు, ఈ బొమ్మలతో మనం ఒక నగరమే కట్టవచ్చు.

చోట్లకు కొదవ లేదు

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే శీతాకాలపు తెల్లవారుజామున లంబసింగి మంచులో పక్కనున్న మనిషి కూడా కనిపించడు. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. రాతిని తొలిచిన బౌద్ధ గుహలు, వరుసగా నిలిచిన రాతి స్తూపాలు, పైకి ఎక్కించే మెట్లు. మంచులో ఒక అంకం, గుహలో ఇంకో అంకం. దృశ్యాలు ప్రకృతీ, పూర్వీకులూ సిద్ధం చేసిపెట్టారు.

శబ్దం కూడా తాళంచెవే

1990లో వచ్చిన ‘లూమ్’లో వస్తువుల సంచి ఉండదు. నాలుగు స్వరాల చిన్న పలుకు వాయిస్తే తలుపు తెరుచుకుంటుంది, అదే తిరగేసి వాయిస్తే మూసుకుంటుంది. 2016 నాటి ‘సమొరోస్ట్ 3’లో చిన్ని మనిషి ఒక మాయ వేణువుతో ఆత్మల మాటలు వింటాడు. ఒకే పనసదుంగ నుంచి తొలిచే బొబ్బిలి వీణ మన ఉత్తరాంధ్రదే. దాని మీటుతో తలుపులు తెరుచుకునే ఆట ఇంకా రావలసి ఉంది.

ఖర్చు లేని పనిముట్లు

క్రిస్ జోన్స్ 1997లో తెచ్చిన ‘అడ్వెంచర్ గేమ్ స్టూడియో’ సాహస ఆటలు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది. 2001లో మొదలైన ‘స్కమ్ వీఎం’ వల్ల పాతకాలపు ఆటలు నేటి ఫోన్లలో కూడా నడుస్తాయి. అంటే నేర్చుకోవడానికి పాఠాలూ, చేయడానికి పనిముట్లూ రెండూ చేతిలోనే ఉన్నాయి.

మొదలుపెట్టేవారికి

ఎంత పెద్ద ఆటనైనా ఒకే గదితో మొదలుపెట్టవచ్చు. ఒక గది గీయండి. అందులో తాళం వేసిన తలుపు పెట్టండి. మూడు వస్తువులు ఉంచండి: ఒకటి పనికొచ్చేది, ఒకటి దారి తప్పించేది, ఒకటి కేవలం అందం కోసం. తలుపు ఎలా తెరుచుకుంటుందో మీ తమ్ముడికో నానమ్మకో చెప్పకుండా ఆడించి చూడండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ ఆట బాగుపడాలి. కాశీ మజిలీ కుర్రాడిలా వింతలు వెతికే పిల్లలు మాకవరపాలెం బడుల్లో బోలెడుమంది ఉన్నారు. వారికి ఒక కంప్యూటర్ గదినీ, వారానికి ఒక గంటనూ, పక్కన ఒక ఏటికొప్పాక కళాకారుణ్ణీ ఇస్తే, తెలుగులో కలల లోకపు తొలి సాహస ఆట ఈ మండలం నుంచే రావచ్చు. ఆ గదీ ఆ గంటా ఏర్పాటు చేయడం పెద్దల పని, అది ఈ ఏడాదే మొదలుకావాలి.